కొండమీది పంక్తి, ఇంటిలోని పంక్తి

కలిసి భోజనము చేసినంత మాత్రమున మనుష్యులు సహోదరులగుదురా? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని పరిశుద్ధ గ్రంథము దీనిని చిన్నదిగా ఎంచలేదు. నిర్గమకాండము 24వ అధ్యాయములో మోషే, అహరోనులతో కూడ ఇశ్రాయేలు పెద్దలు డెబ్బదిమంది కొండ ఎక్కి దేవుని సన్నిధిని అన్నపానములు పుచ్చుకొనిరి. 32వ అధ్యాయములో అదే కొండ దిగువను జనులు దూడయెదుట కూర్చుండి తినిరి, త్రాగిరి. అహరోను రెండు చోట్లను ఉన్నాడు. కాబట్టి కలిసి తినుట తనంతట తానే పరిశుద్ధము కాదు. ఆ భోజనము మనలను తరువాత ఎటు నడిపించుచున్నది అనునదే విచారింపవలసిన సంగతి.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరు రైలుతో పెరిగిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము మొదలుకొని అనేక ప్రాంతములవారు పని వెదకికొనుచు అక్కడికి చేరిరి. 2003 నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రము. రైల్వే కాలనీలో తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ ఒకే వీధిలో వినబడును. వీధి ఒకటే గాని వంటిండ్లు వేరు. బ్రిటిషు పాలనలో మన స్టేషన్లలో హిందువులకు, ముస్లిములకు త్రాగు నీళ్లు సహితము వేరుగా నుంచెడివారు. ఒకే బండి ఎక్కినవారు ఒకే కుండ నీరు త్రాగలేకపోయిరి. కలిసి ప్రయాణించుట వేరు, కలిసి జీవించుట వేరు.

నేను ఆ పట్టణములో కొంతకాలము వేదాంతశాస్త్రము బోధించుచుండగా, ఒక శీతాకాలపు సెలవు దినమున సహాధ్యాపకులము కొందరము ఉదయపు ప్యాసింజరులో అకల్‌తరాకు వెళ్లి, ఆ సమీపముననున్న దల్హా కొండ ఎక్కితిమి. దారి చూపుటకును నీళ్ల డబ్బా మోయుటకును దిగువ గ్రామమునుండి ఒక వృద్ధుడు మాతో వచ్చెను. కొండపైన ఆకు విస్తళ్లలో నా పులిహోర, మలయాళీ మిత్రుని చేపల వేపుడు, ఛత్తీస్‌గఢ్ మిత్రుల ఠేఠరీ కలిసిపోయెను. వృద్ధుడు మాత్రము తన మూట విప్పుకొని దూరముగా చెట్టు క్రింద కూర్చుండెను. ఎవరును ఆయనను దూరముగా ఉండుమనలేదు. అలవాటే ఆయనకు ఆ చోటు చూపెను. అప్పుడు మాలో ఆ ప్రాంతపువాడైన మిత్రుడు తన విస్తరి పట్టుకొనిపోయి ఆయన ప్రక్కన కూర్చుండి, ఆయన మూటలోని బాసీ అడిగి తినెను. బాసీ అనగా మన చద్దన్నమే. పెట్టువాని చేయి ఎప్పుడును పైనుండును. అడిగి పుచ్చుకొనువాడు క్రిందికి దిగవలెను. మేమందరము లేచి ఆ చెట్టు క్రిందికే చేరితిమి.

అయితే కొండమీద ఇది సులభమే. అక్కడ గడప లేదు, వంటిల్లు లేదు, చూచు బంధువులు లేరు; ఆకలి అందరిని సమానులను చేసెను. పరిస్థితి కలిగించిన సమానత్వము దేవుని వరమే గాని ఇంకను మన సద్గుణము కాదు.

మరుసటి వేసవిలో ఆ మిత్రుని కుమార్తె వివాహము జరిగెను. అతడు ఆ వృద్ధుని పిలిచి, మొదటి పంక్తిలో తన అన్నగారి ప్రక్కన కూర్చుండబెట్టెను. బంధువులలో కొందరు విస్తళ్లముందునుండి లేచిపోయిరి. వారును బాప్తిస్మము పొందినవారే. ఆ సీమ ఈ బోధ వినని సీమయు కాదు; అక్కడనే సత్నామీల గురువైన ఘాసీదాసు మనుష్యులలో కులభేదము కూడదని బోధించియుండెను. మిత్రుడు బంధువులను బతిమాలెను గాని వృద్ధుని లేపలేదు. ఆ యెడబాటు అనేక సంవత్సరములు నిలిచెను.

బంధువులతో సమాధానము కూడ క్రైస్తవ ధర్మమే కదా, భోజనము నిమిత్తము సహోదరుని నొప్పింపవద్దని పౌలే రోమీయులకు వ్రాసెను కదా అని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. కాని రోమా పత్రిక 14వ అధ్యాయములో విచారణ ఏమి తినవలెను అనుదానిని గూర్చినది. గలతీ పత్రిక 2వ అధ్యాయములో ఎవరితో తినవలెను అనుదానిని గూర్చినది. మొదటిదానిలో బలహీనుని కొరకు నేను మాంసమును విడువవచ్చును. రెండవదానిలో నేను విడువవలసినది సహోదరునే. అంతియొకయలో కేఫా అన్యజనులతో భోజనము చేయుచుండెను. యాకోబు యొద్దనుండి కొందరు రాగానే వెనుకతీసెను. అతని సిద్ధాంతము మారలేదు, చూచువారు మారిరి. పౌలు దానిని మర్యాద లోపమని యెంచక, సువార్త సత్యమునుండి తొలగుటయని యెంచెను.

కొయినోనియా అను గ్రీకు మాటకు మన తెలుగు బైబిలు సహవాసము అను మాటను వాడినది. భాషాంతరము చేయువానికి ఇది ఆలోచన పుట్టించు మాట. వాసము అనగా నివాసము. అది విహారయాత్రకు చెందినది కాదు, ఇంటికి చెందినది. గడపకు వెలుపలనే నిలిచిపోయిన ప్రేమ ఇంకను ఆ పేరునకు తగినది కాలేదు.

ప్రియ చదువరీ, ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందుచున్నాము. ఆరాధన ముగిసి ఇంటికి వెళ్లిన పిమ్మట మన పంక్తిలో ఎవరికి చోటున్నది? తిరిగి పిలువలేని బీదలను విందునకు పిలువుమని లూకా 14వ అధ్యాయములో ప్రభువు ఆజ్ఞాపించెను. ఈ సంవత్సరము మన ఇంట జరుగు వివాహమునకో, గృహప్రవేశమునకో పిలువవలసినవారి పేర్లు వ్రాయునప్పుడు, ఆ కాగితమును ప్రార్థనలో ఆయనయెదుట పెట్టుదము. ఆయన చేర్చుమన్న పేరును బంధువులకు భయపడి కొట్టివేయకుండునట్లు ఆయన మనకు ధైర్యము ననుగ్రహించును గాక.