దయ్యానికి గోడ మీద చోటు

స్పెయిన్ చిత్రకారుడు గోయా 1797–98లో వేసిన మంత్రగత్తెల చిత్రం చాలా చిన్నది. ఎత్తు 43.5 సెంటీమీటర్లు, వెడల్పు 30.5. నల్లటి రాత్రిలో, నడుము పైన బట్టల్లేని ముగ్గురు, నెత్తిన పొడుగాటి మొనటోపీలతో, ఒక దిసమొల మనిషిని గాల్లోకి ఎత్తి అతని ఒంటికి నోళ్లు ఆనించారు. రక్తం పీలుస్తున్నారో, ఊపిరి ఊదుతున్నారో పండితుల మధ్య ఇంకా పేచీయే. చూపు ముందుగా అక్కడికే పోతుంది. నిజానికి చూడాల్సింది కింద. ఒకడు తెల్ల దుప్పటి ముసుగేసుకుని తడబడుతూ నడుస్తున్నాడు. బొటనవేలిని రెండు వేళ్ల నడుమ దూర్చి పిడికిళ్లు బిగించాడు. దిష్టి తగలకుండా ఆ దేశంలో పట్టే ముద్ర అది. ఇంకొకడు నేలమీద పడి చెవులు మూసుకున్నాడు. పక్కన ఒక గాడిద, ఏమీ పట్టనట్టు.

ఆంజనేయ దండకం చదువుకుంటూ శ్మశానం పక్కనుంచి గబగబా నడిచిన తెలుగువాడికి ఈ ముసుగు మనిషి పరాయివాడేం కాదు. చీకట్లో దూరంగా మంట కదిలితే కొరివి దయ్యమనుకునే చోట్ల ముసుగులకు కొదవ లేదు.

ఆ టోపీలు మతవిచారణ సభలు నిందితుల నెత్తిన పెట్టించిన టోపీల్లాంటివి. 1610లో లొగ్రోన్యో పట్నంలో మంత్రగత్తెలన్న నింద మీద ఆరుగురిని సజీవంగా తగలబెట్టారు. తర్వాత అదే విచారణ సభకు చెందిన సలజార్ అనే న్యాయాధికారి ఊరూరా తిరిగి వందలమంది వాంగ్మూలాలు తీసుకుని, మంత్రాలకు రుజువే లేదని తేల్చాడు. గోయా ఎగతాళి అంతా మంత్రాలను నమ్మి బెదిరిన ఆ ముసుగు మనిషి మీదే. బొమ్మను కొన్న ఒసూనా ప్రభువు దంపతులు దాన్ని చూసి నవ్వుకుని ఉంటారు. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన ఏజెన్సీ నుంచి ఈ శతాబ్దంలోనూ వస్తూనే ఉన్నాయి కాబట్టి, మనం అంత తీరిగ్గా నవ్వలేం.

అయితే భయంతో వ్యవహరించడానికి ముసుగూ ఎగతాళీ కాక మూడో దారి ఒకటుంది. దాని కోసం స్పెయిన్ దాకా పోనక్కర్లేదు. కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధారకు ఎదురు నడిస్తే సవర గిరిజనుల కొండలు వస్తాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఏ ఆత్మ అలిగిందో వాళ్ల పూజారి ఎజ్జోడు చెబుతాడు. ఆ ఆత్మ కోసం గోడ మీద బొమ్మ వేయాలి. దాన్నే ఇడితాల్ అంటారు. వేసేవాడు ఆ గోడ ముందే పడుకుంటాడు, ఏం వేయాలో కలలో కనిపిస్తుంది. ఎర్రమట్టి పూసిన గోడ మీద, కొస నలగ్గొట్టిన పుల్లతో, బియ్యప్పిండి నీళ్లతో గీతలు. నలుచదరపు గీత ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, నెమళ్లు, ఏనుగెక్కిన దొర. రైలూ విమానమూ కూడా. సవరల గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి. బొమ్మ పూర్తయ్యాక ఆత్మను పిలిచి చూపిస్తారు. ఫలానాది తక్కువైందంటే అదీ చేరుస్తారు. పీడించేదాన్ని పిలిచి, ఇల్లు కట్టించి, నచ్చిందా అని అడగడం! ఇంతకంటే నిబ్బరం ఏముంటుంది?

గోయా కూడా చివరికి గోడనే పట్టుకున్నాడు. చెవుడు వచ్చి, వయసు డెబ్బై దాటాక, 1819లో కొన్న ఇంటి గోడల మీద పద్నాలుగు చీకటి బొమ్మలు వేశాడు. మేకరూపంలోని సైతాను చుట్టూ మంత్రగత్తెలు గుమిగూడిన పెద్ద చిత్రమూ అందులోదే. ఎందుకు వేశాడో ఎక్కడా రాసిపెట్టలేదు. ముందు బొమ్మలోని నవ్వు మాత్రం ఇక్కడ లేదు. అతను పోయిన నాలుగున్నర దశాబ్దాలకు, 1874లో, గోడల నుంచి ఆ రంగును ఊడదీసి కాన్వాసు మీదికి ఎక్కించడం మొదలుపెట్టారు. ఇప్పుడవి మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి.

సవర బొమ్మలు కూడా గోడ దిగాయి. కాన్వాసు మీదా చీరల మీదా వేసి ప్రదర్శనల్లో అమ్ముతున్నారు. వేసేవాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, మంచిదే. కొనేటప్పుడు మాత్రం ‘గోడకు బాగుంటుందా’ అని చూసి ఊరుకోకుండా, ఇలాంటి బొమ్మ మీ ఊళ్లో ఎవరి కోసం వేస్తారని కూడా ఒక్కమాట అడగండి.