కారణం తెలియని మరమ్మతు

కుల్కచర్లలో ఒకామె ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు ఆనించిన బెంచీ, అంతే. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడి, కుల్కచర్ల మండలం రంగారెడ్డి జిల్లా నుంచి అందులోకి వచ్చింది. పాత కాగితాల మీద ఒక జిల్లా పేరు, కొత్తవాటి మీద మరో జిల్లా పేరు. ఏ దరఖాస్తు నింపాలన్నా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. వానకాలం పంటల రోజుల్లో పొద్దున్నే బెంచీ నిండిపోయేది.

అలాంటి ఒక పొద్దున కంప్యూటరు ఆన్ కాలేదు. బటన్ నొక్కితే లైటు వెలగలేదు, ఫ్యాన్ తిరగలేదు.

డిప్లొమా చదువుతున్న ఆమె తమ్ముడు డబ్బాను పక్కకు పడుకోబెట్టి మూత తీశాడు. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది, బిగించాడు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి పెట్టాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మార్చాడు. అన్నీ అయ్యాక బటన్ నొక్కితే కంప్యూటరు లేచింది. బెంచీ మీదివాళ్లు శభాష్ అన్నారు.

"ఏమైందిరా?" అని అక్క అడిగింది.

"ఏదో లూజున్నట్టుందక్కా. ఇప్పుడు మంచిగైంది."

మర్నాడు మళ్లీ అదే తంతు. నిన్నటి పనులన్నీ చేశాడు. ఈసారి లేవలేదు. "మదర్‌బోర్డు పోయిందక్కా. హైదరాబాద్ పోయి కొత్తది తేవాలె" అన్నాడు. అక్క గల్లాపెట్టె తెరిచి డబ్బులు లెక్కపెట్టసాగింది.

పింఛను కాగితం కోసం వచ్చి కూర్చున్న ముసలాయన ఇదంతా చూస్తున్నాడు. బోరు మోటార్లు బాగుచేసిన చేతులు ఆయనవి.

"నిన్న ఏం జేస్తె నడిచింది కొడుకా?"

"అన్నీ జేసిన తాతా."

"అన్నీ ఒక్కపారి జేస్తె ఏది పనిజేసిందో ఎట్ల ఎరుకైతది? బోరు నడవకుంటె ముందుగాల మోటరు గుంజుతమా? ఫ్యూజు చూస్తం, స్టార్టర్ చూస్తం, కేబుల్ చూస్తం. పైపులు పైకి గుంజుడు ఆఖరి పని. కరెంటు యాడిదాంక వచ్చిందో ఒక్కొక్కటి చూడు. చూసింది కాయితం మీద రాయి."

కుర్రాడు గోడ దగ్గర మొదలుపెట్టాడు. సాకెట్లో ఫోను చార్జర్ పెడితే ఫోను చార్జ్ అయింది. రాశాడు. మానిటర్ కేబుల్ తెచ్చి డబ్బాకు పెట్టాడు, లేవలేదు. పాత కేబులే మళ్లీ పెట్టి అదీ రాశాడు. వెనకాల, డబ్బాకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆన్‌లోనే ఉంది. ప్లగ్గు పీకి, మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్ ఊడదీసి, అందులో ఆకుపచ్చ వైరునూ ఒక నల్ల వైరునూ చిన్న తీగతో కలిపి, అప్పుడు కరెంటు ఇచ్చాడు. ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగింది. దాన్ని విప్పబోతే తాత వారించాడు: "ప్లగ్గు పీకినా లోపటి కెపాసిటర్లల్ల కరెంటు ఉంటది. ఆ డబ్బ ముట్టకు."

ప్లగ్గు పీకి కనెక్టర్‌ను తిరిగి బిగించి, మళ్లీ కరెంటు ఇచ్చాడు. ముందు బటన్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే రెండు సన్నటి వైర్లు తీసేసి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపాడు. కంప్యూటరు లేచింది! మదర్‌బోర్డూ ర్యామూ బాగానే ఉన్నాయి. బటన్ వైర్లు తిరిగి పెట్టి నొక్కి చూస్తే ఒకసారి అందుకుంది, చాలాసార్లు అందుకోలేదు. ఏళ్ల తరబడి నొక్కగా దాని కాంటాక్టు పాడైంది. నిన్న అది అదృష్టం కొద్దీ అంటుకుందంతే. రబ్బరుకూ బ్యాటరీకీ అందులో పాత్రే లేదు.

పక్కనే రీసెట్ బటన్ ఉంది. అదీ నొక్కితే రెండు వైర్లు కలిపే స్విచ్చే. దాని వైర్లు పవర్ పిన్నులకు తగిలించాడు. ఆనాటి నుంచి కంప్యూటరు రీసెట్ బటన్‌తోనే ఆన్ అయింది. పైసా ఖర్చు లేదు. రాసిన కాగితాన్ని తేదీ వేసి సెంటర్‌లో దాచాడు.

నీతి: కారణం తెలియకుండా బాగైనది చెప్పకుండానే మళ్లీ పాడవుతుంది.

ఆ కుర్రాడు మొదటిరోజు చేసిన పనుల్లో ఒక్కటీ తప్పుడు పని కాదు. లేవని కంప్యూటరుకు అవన్నీ చేయదగినవే. ఒక్కో పని తర్వాత ఆగి బటన్ నొక్కి చూడకపోవడమే లోటు. అందుకే యంత్రం నడిచినా అతనికి తెలిసింది ఏమీ లేకపోయింది. కారణం తెలియనివాడి అనుమానం చివరికి అన్నిటికన్నా ఖరీదైన భాగం మీదికే పోతుంది, ఆ ఖర్చు ఇంటివాళ్ల మీద పడుతుంది.

బెంచీ మీద పదిమంది ఎదురుచూస్తుంటే ఒక్కొక్కటిగా చూడటం ఆలస్యంగానే అనిపిస్తుంది. ఆ పదిమంది రేపు కూడా వస్తారు. రేపటి పని ఆగకూడదనుకునేవాడు ఈరోజు ఒక్కటే మార్చాలి, ఫలితం చూడాలి, రాసుకోవాలి, ఆ తర్వాతే రెండోదాని మీద చెయ్యి వేయాలి.