వైద్యుని రుణము

కుశస్థలీ నదీతీరమున, ఆంధ్ర ద్రావిడ సీమల సంధియందు నెలకొన్న పళ్ళిపట్టు ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీన, సరిహద్దులపై పటాస్కరు యిచ్చిన తీర్పు ననుసరించి, చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఇంటిలో తెలుగును, కచేరీలో తమిళమును పలుకుచు కాలము గడపు ఇచ్చటి మగ్గపు కూలివాడు గాని చెరకు రైతు గాని, ఇంట జబ్బు ముదిరిన నాడు తిరుత్తణి ధర్మాసుపత్రికో, తిరుపతికో, వేలూరికో, చెన్నపట్టణమునకో పయనమగును. ప్రయివేటు ఆసుపత్రి మెట్లెక్కినచో, తరచుగా అతని చెవినిబడు తొలిమాట ‘ముందు అడ్వాన్సు కట్టి రసీదు తెండి’ అనునది. రోగిని బల్లమీద పరుండబెట్టి, తాళిబొట్టు కుదువబెట్టుటకు బంధువులు పరుగిడవలసిన ఈ యాచారము ధర్మసమ్మతమగునా యని విచారింపవలసియున్నది.

ఆసుపత్రివారిని నిందించుట సులభమే గాని న్యాయము గాదు. మందులు, ప్రాణవాయువు, దాదుల జీతములు, యంత్రముల వాయిదాలు అరువుపై నడువవు. నయమైన పిదప చెప్పక వెడలిపోవు వారును లోకమున లేకపోలేదు. వైద్యము భూతదయకొరకే గాని ధనార్జనకొరకు గాదని బోధించిన చరకుడే, చికిత్స పొంది వైద్యునకు ప్రత్యుపకార మొనర్పని వానికి, ముందు మాట యిచ్చినను ఈయకున్నను, నిష్కృతి లేదని శాసించెను. కావున ప్రతిఫలము తప్పను వాదము మన శాస్త్రములో లేదు. అయితే ఆ శాసనములోని క్రమమును గమనింపవలెను: చికిత్స ముందు జరిగినది, రుణము దాని వెంట పుట్టినది.

ఈ పౌర్వాపర్యము స్వల్పవిషయముగా తోచును. కాని దానివలన రోగి వైద్యుల సంబంధమే మారిపోవుచున్నది. చికిత్స పొందిన పిదప చెల్లించువాడు మాటగలిగిన రుణస్థుడు; ముందుగా చెల్లింపనిదే తాకబడనివాడు తన నిజాయితీని నిరూపించుకొనువరకు అనుమానితుడు. దేవరుణము, ఋషిరుణము, పితృరుణము అని మన పెద్దలు నిర్దేశించిన మూడింటిలో దేనికిని మనము ముందుగా మూల్యము చెల్లించి యుండలేదు. పొందిన పిమ్మటనే తీర్చుకొనుచున్నాము. ఆడికృత్తికనాడు తిరుత్తణి కొండకు పూల కావడులు మోసికొనిపోవు పళ్ళిపట్టు భక్తులలో అనేకులు, కోరిక యీడేరిన తరువాత మ్రొక్కు చెల్లించువారే. సుబ్రహ్మణ్యేశ్వరుడు ముందుగా అనుగ్రహించి, భక్తుని మాటను నమ్మి వేచియుండును.

దేవునకు కరెంటు బిల్లు లేదు గదా యని ఆక్షేపింపవచ్చును. సత్యమే. నమ్మిక వలన కలుగు నష్టమును ఒంటరి వైద్యుడు భరింపజాలడు గనుకనే, పూర్వులు ఆ భారమును రోగిపై గాని వైద్యునిపై గాని మోపక, మూడవ స్థానమున నిలిపిరి. రుద్రమదేవి కాలమున 1261లో వెలసిన మల్కాపుర శాసనము, విశ్వేశ్వర శివాచార్యుల మఠమునకు వచ్చు గ్రామాదాయమును మూడు పాళ్ళు చేసి, అందొకటి ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును కేటాయించినది. కాంచీపుర సమీపమున, పాలారు ఒడ్డున, వీరరాజేంద్రచోళుని నాటి తిరుముక్కూడల్ దేవాలయ శాసనము పదునైదు పడకల ఆతురశాలను పేర్కొని, వైద్యునకు ఏటేటా ధాన్యమును, కాసులను నిర్ణయించినది. జీతము దేవాలయమునుండి వచ్చుచుండగా వైద్యుడు రోగి మొలసంచి వంక చూడవలసిన పని యేమున్నది? 1991లో పుట్టపర్తిలో వెలసి, రుసుము లేకయే శస్త్రచికిత్సలు చేయుచున్న సత్యసాయి ఆసుపత్రి ఆ సంప్రదాయపు ఆధునిక రూపమే.

రాజ్యము సైతము ఈ ధర్మమును కొంతవరకు అంగీకరించినది. ప్రాణాపాయమున నున్నవానికి తక్షణము చికిత్స చేయుట వైద్యుని విధి యని 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి తొలి 48 గంటల వైద్యమును లక్ష రూపాయల పరిమితిలో ఉచితముగా జరిపించు పథకమును, వారు ఏ రాష్ట్రమువారైనను సరే, తమిళనాడు ప్రభుత్వము 2021లో ఆరంభించెను. కాని ప్రమాదమువలన కలుగని జబ్బులకు రేషను కార్డే ద్వారపాలకుడు: భాషకు చేరువైన తిరుపతిలో పళ్ళిపట్టువానికి ఆంధ్రప్రభుత్వపు ఉచిత వైద్యపథకము వర్తింపదు.

ఇందు ఒక భేదమును పాటింపవలెను. ఖర్చెంత యగునో ముందుగా తెలుపుట సత్యవ్రతము. నింపాదిగా జరుపదగు శస్త్రచికిత్సకు కొంత పైకము జమకట్టుమనుట లోకవ్యవహారము. ఊపిరికై కొట్టుమిట్టాడువాని ముందు రసీదుకై చేతులు కట్టుకొని నిలుచుట మాత్రము అధర్మము. ఆ అధర్మములో, వైద్యునకు ఏ హామీయు కల్పింపని సమాజమునకును పాలున్నది. రోగికిని పాలు లేకపోలేదు: స్తోమత గలిగియు, స్వస్థుడై యిల్లు చేరిన వెనుక వైద్యుని బాకీని మరచువాడు, రేపు అదే గడపనెక్కు నిరుపేద మాటకు నేడే విలువ లేకుండ చేయుచున్నాడు.