సిద్ధపడటం అంటే...

"చిన్నమ్మా, ఒక దవాఖానకు తోడు రావాలె. అమ్మకు మాత్రం చెప్పకు" అని కందుకూరు నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసినప్పుడు నాకు మొదట భయమేసింది. ఎవరికీ చెప్పొద్దని ఒక ఆడపిల్ల ఆస్పత్రికి తోడు రమ్మంటే మన మనసు ఎక్కడెక్కడికి పోతుందో మీకు తెలియనిది కాదు. తీరా విషయం వేరు. ఇద్దరు పిల్లల తర్వాత జారిపోయిన కడుపును కోయించి, కండరాలు బిగించి కుట్టించుకోవాలనుకుంటోంది. తనకు ముప్ఫై మూడేళ్ళు. రోజూ తుక్కుగూడ మీదుగా శంషాబాద్ వచ్చి విమానాశ్రయంలో ఒక దుకాణంలో పనిచేస్తుంది. చీటీ పాడి డబ్బు కూడబెట్టుకుంది. క్లినిక్ వాళ్ళు "ఆపరేషన్‌కు ముందు పాటించవలసినవి" అని ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చారు. దాన్ని చదివి చెప్పమని నా దగ్గరకు తెచ్చింది.

నేను కాగితం చదవలేదు. ఉపన్యాసం మొదలుపెట్టాను. పాతికేళ్ళుగా తరగతి గదుల్లోనూ సభల్లోనూ చెబుతున్నదే. అందం అనే కొలబద్ద ఎవరు తయారు చేశారు, మార్కెట్టుకు మన శరీరం మీద అసంతృప్తి ఎందుకు అవసరం, 2025 మేలో హైదరాబాదులో ప్రపంచసుందరి పోటీలు జరిగినప్పుడు మహిళా సంఘాలు ఎందుకు నిరసన తెలిపాయి... అన్నీ చెప్పాను. తను ఓపికగా విన్నది. విని ఇలా అన్నది.

"నువ్వు జుట్టుకు రంగేస్తవు గదా చిన్నమ్మా, ఎందుకని ఎవరన్న అడిగిన్రా? సరే అది చిన్న సంగతే. నన్ను రెండుసార్లు కోసిన్రు. అప్పుడు ఎందుకని ఎవరూ అడగలే. మూడోసారి నాకోసం నేను కోయించుకుంటనంటే అందరికీ ప్రశ్నలే!"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతుకులాట.

తను చెప్పినదాన్ని అంకెల్లో చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది ఎనభై శాతం పైన. ఇన్ని కడుపులు కోయవలసిన వైద్య అవసరం నిజంగా ఉందని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. దానికి తోడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా ఎక్కువగా ఆడవాళ్ళకే. ఆ తర్వాత తెల్లబట్ట అనో, నడుంనొప్పి అనో వెళితే గర్భసంచి తీసేయడం. మా అక్కకు 2009లో ముప్ఫై ఆరేళ్ళకు గర్భసంచి తీసేశారు. "ఉంటే క్యాన్సర్ అయితదన్నరు" అని ఇప్పటికీ చెబుతుంది. ఆ ఆపరేషన్‌కు ముందు ఆమెకు ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. ఆలోచించుకోవడానికి ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. వేలిముద్ర మాత్రం తీసుకున్నారు.

అంటే మన ఊళ్ళల్లో ఆడవాళ్ళ శరీరాలకు కత్తి కొత్త కాదు. అడిగి కోయడమే కొత్త. కాస్మెటిక్ సర్జరీని మనం ఎంత విమర్శించినా దానిలో ఒక వింత సంగతి ఉంది. అది ఎప్పుడూ అత్యవసరం కాదు. ఇవాళ చేయించుకోకపోతే ప్రాణం పోదు. కాబట్టి సిద్ధపడటానికి కావలసినంత సమయం ఉంటుంది. బల్ల మీద పడుకున్న తర్వాత కూడా, మత్తు ఇచ్చేదాకా, "వద్దు" అని లేచి రావచ్చు. ఒక స్త్రీ తన శరీరం గురించి పూర్తిగా తెలుసుకుని, సమయం తీసుకుని, తనే నిర్ణయించుకోగలిగిన శస్త్రచికిత్స ఇది. ఆ వీలు కాన్పు గదిలో లేకపోయి సౌందర్యశాలలో ఉండటం ఎంత విషాదం!

మరి ఆ సమయాన్ని ఆడవాళ్ళు నిజంగా వాడుకోగలుగుతున్నారా?

లేదనే అనుకుంటున్నాను. కారణం రహస్యం. 2022 మేలో బెంగళూరులో చేతనా రాజ్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ కన్నడ టీవీ నటి కొవ్వు తొలగించే చికిత్స తర్వాత చనిపోయింది. ఆ చికిత్స సంగతి తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. 2016 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఒక యువకుడు పొడవు పెరగడానికి రెండు కాళ్ళ ఎముకలు కోయించుకున్నాడు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళాడు. కన్నవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి ఆస్పత్రి మంచం మీద చూసుకున్నారు. 2015 జూన్‌లో ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు ఆమెకు ముప్ఫై ఒక్క ఏళ్ళు. అంతకు కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. ఆమె లావయిందని అంతకుముందు అన్నేళ్ళు ఎగతాళి చేసిన సినిమా లోకమే, చనిపోయాక "ఎందుకు చేయించుకుంది?" అని జాలిపడింది. లావైతే నవ్వుతారు, తగ్గాలని కోయించుకుంటే మళ్ళీ నవ్వుతారు. ఆ రెండు నవ్వుల మధ్య మనిషి ఎవరికీ చెప్పకుండా వెళుతుంది.

ఇక్కడే నన్ను నేను ప్రశ్నించుకోవలసి వచ్చింది. "ఎందుకే ఈ షోకులు?" అని వదిన ఎత్తిపొడుస్తుంది. "ఇది పితృస్వామ్యం నీతో చేయిస్తున్న పని" అని నేను అంటాను. మొదటిదానిలో ఈసడింపు ఉంది, రెండవదానిలో విశ్లేషణ ఉంది. కానీ వినే అమ్మాయికి రెండూ ఒకే పని చేస్తాయి. ఇంకోసారి మన దగ్గరకు రాదు. ఒంటరిగా వెళుతుంది. ఒంటరిగా వెళ్ళిన మనిషి ప్రశ్నలు అడగలేదు. నా విమర్శ ఎంత సరైనదైనా అది ఒక స్త్రీని డాక్టరు ముందు ఒంటరిని చేస్తే దాని ఫలితం ఎవరికి లాభం?

అలాగని "ఆమె శరీరం, ఆమె ఇష్టం" అని చేతులు దులుపుకోవడం కూడా నాకు చేతకాలేదు. ఇష్టం ఎక్కడి నుంచి పుట్టిందో అడగకుండా ఎలా? దుకాణంలో నిలబడితే కొనడానికి వచ్చినవాళ్ళు "ఎన్నో నెల?" అని అడుగుతారట. పైవాళ్ళు యూనిఫాం సరిగ్గా నప్పడం లేదంటారట. విమానాల చుట్టూ ఉండే ఉద్యోగాలకు ఈ కొలతలు కొత్తవి కావు. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం తీసేసే నిబంధనను సుప్రీంకోర్టు 1981లో నర్గీస్ మీర్జా కేసులో కొట్టేసింది. కానీ బరువు ఎక్కువైందని వాళ్ళను విమానం ఎక్కనివ్వకపోవడాన్ని ఢిల్లీ హైకోర్టు 2008లో సమర్థించింది. మరుసటి ఏడాది ఎయిర్ ఇండియా కొందరిని ఉద్యోగంలోంచే తీసేసింది. ఈ గాలిలో పుట్టిన కోరికను "స్వేచ్ఛ" అని ఒక్కమాటలో ఎలా అనగలం?

అయితే కోరిక ఎంత శుద్ధమైనదో కొలవడం మన పని కాదని నాకు మెల్లగా అర్థమైంది. పూర్తిగా స్వేచ్ఛగా పుట్టిన కోరిక మనలో ఎవరికి ఉంది? పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, చివరికి ఈ రాయడం కూడా? అడగవలసిన ప్రశ్న వేరు. ఈమెకు వెనక్కి తిరిగి రావడానికి దారి తెరిచి ఉందా? సిద్ధపడటం అంటే ఆ దారి మూసుకుపోకుండా చూసుకోవడమే. ఇలా ఆలోచించాక కాగితం తీసి చదివాను.

కాగితంలో శరీరం గురించి ఉన్నవన్నీ అవసరమైనవే. పొగ తాగినా, పొగాకు నమిలినా నెల ముందే మానాలి. నికోటిన్ వల్ల చర్మానికి రక్తం సరిగ్గా అందక కుట్లు మానవు. ఆస్పిరిన్ లాంటి మందులు, మూలికల గుళికలు వాడుతుంటే చెప్పాలి, కానీ ఏ మందునైనా డాక్టరు చెబితేనే ఆపాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి కనుక వాటి సంగతి దాచకూడదు. మత్తు ఇవ్వడానికి ఆరు గంటల ముందు నుంచి తిండి, రెండు గంటల ముందు నుంచి నీళ్ళు కూడా మానాలి. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. కొవ్వు తీయడం లావు తగ్గే వైద్యం కాదు. మళ్ళీ పిల్లలు కావాలనుకుంటే ఈ ఆపరేషన్ ఇప్పుడు చేయించుకోకూడదు.

కాగితంలో లేనివి మేమిద్దరం కూర్చుని రాసుకున్నాం. చేసే డాక్టరుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ డి.ఎన్.బి. గానీ ఉందా? మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఏది? మత్తు డాక్టరు మొదటి నుంచి చివరిదాకా ఉంటారా? ఊపిరి ఆగితే ఆదుకునే ఏర్పాటు అదే భవనంలో ఉందా? మచ్చ ఎంత పొడవు ఉంటుంది? తుంటి నుంచి తుంటి దాకా అని విన్నప్పుడు తను కాసేపు మాట్లాడలేదు. ఆరు వారాలు బరువులెత్తకూడదంటే బిందెలు ఎవరు మోస్తారు? చిన్నోణ్ణి ఎవరు ఎత్తుకుంటారు? జీతం లేని సెలవు ఎన్ని రోజులు? మంచి ఫోటోలే కాదు, సరిగ్గా రానివి చూపిస్తారా? చివరి ప్రశ్న తనే రాసింది. "కడుపు బాగయినంక గూడ నాకు నేను నచ్చకపోతే?"

మొదటి క్లినిక్‌లో ఈ ప్రశ్నలకు జవాబు రాలేదు. నెలాఖరులోపు డబ్బు కడితే తగ్గింపు ఉందన్నారు. భర్త సంతకం కావాలన్నారు. నేను ఆ గదిలోనే చెప్పాను. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పరీక్ష కోసం మత్తులో ఉన్న స్త్రీకి ఆమె తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేస్తే అది చెల్లదన్నది కోర్టు. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివిలో ఉన్న వయోజనురాలి బదులు ఇంకెవరూ ఒప్పుకోలేరు. గడువు పెట్టి తొందరపెట్టేచోట తిరుగుదారి ఉండదు. మేం లేచి వచ్చేశాం.

రెండో చోట డాక్టరమ్మ మొదట రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ తొమ్మిది. "ఇది పదకొండు దాటాకే మాట్లాడదాం" అన్నది. తెలంగాణలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్ళు రక్తహీనతతో ఉన్నారని అదే ఆరోగ్య సర్వే చెబుతోంది. కడుపు మీద చర్మం గురించి దిగులుపడుతున్న మనిషికి ఒంట్లో రక్తం లేదని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కాన్పుల వల్ల కడుపు కండరాలు రెండుగా విడిపోయాయని, నడుంనొప్పికి అదీ ఒక కారణం కావచ్చని, కొన్ని నెలలు వ్యాయామం చేసి చూడమని కూడా చెప్పింది. బిల్లు సంగతి మాట్లాడుతుంటే ఇంకో విషయం తెలిసింది. గాయం వల్లనో పుట్టుకతోనో వచ్చిన లోపాన్ని సరిచేసే ప్లాస్టిక్ సర్జరీకి జీఎస్టీ మినహాయింపు ఉంది. అందం కోసమైతే లేదు. మరి కాన్పు వల్ల చీలిన కడుపు గాయమా, అందమా? చట్టానికి తల్లి కావడం గాయంగా కనిపించదు. మనకైనా కనిపించిందా?

ఆ నాలుగు నెలల్లో తను ఇనుము మాత్రలు మింగింది, పల్లీలు బెల్లం తిన్నది, వ్యాయామం చేసింది. నడుంనొప్పి తగ్గింది, కడుపు తగ్గలేదు. ఎవరూ తొందరపెట్టలేదు కనుక ఆలోచించుకుంది. తనే వాళ్ళమ్మకు చెప్పింది. అక్క రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు "పిల్లలను నేను చూసుకుంట" అన్నది. చలికాలంలో ఆపరేషన్ అయింది. అంగీకార పత్రం మీద తన పేరు తనే రాసుకుంది. ఆ నిర్ణయం సరైనదా అని నన్నడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ కాగితంలో ప్రతి వాక్యం చదివి, అడిగి, అర్థం చేసుకుని సంతకం చేసిందని మాత్రం చెప్పగలను.

మూడో రోజు నడుం వంచుకుని తను వార్డులో మెల్లగా నడుస్తుంటే డాక్టరమ్మ ఏం కోసిందో, ఏం కుట్టిందో బొమ్మ గీసి వివరించింది. పక్కన కూర్చున్న అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఆవిడ వెళ్ళిపోయాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"చెల్లే, నాకు అప్పుడు గర్భసంచి ఒక్కటే తీసిన్రా? పక్కనున్నవి గూడ తీసిన్రా? అది ఇప్పుడు ఎట్ల తెలుస్తది?"

పదహారేళ్ళ కిందటి కాగితాలు ఏవీ ఇంట్లో లేవు.