నిష్కామకర్మ, నెలజీతం

కర్మ చేయడంలోనే మనిషికి అధికారం ఉన్నదని, ఫలంమీద లేదని బోధించే భగవద్గీత రెండవ అధ్యాయంలోని 47వ శ్లోకం నేడు ఉద్యోగుల శిక్షణ తరగతులలో ప్రేరణమంత్రంగా వినిపిస్తున్నది. ఫలాపేక్ష వదిలినవానికి పదోన్నతి రాలేదన్న కుంగుబాటు ఉండదని, ఒత్తిడి అంటదని అక్కడి వాదన. అయితే నిష్కామకర్మను, అనగా ప్రతిఫలంమీద ఆశ పెట్టుకోక కర్తవ్యంగా చేసే పనిని, ఉపదేశించిన కృష్ణుడు మూడు లోకాలలోనూ తాను పొందవలసినదేదీ లేదని మూడవ అధ్యాయంలో చెప్పుకున్నాడు. అర్జునుని శ్రమవలన తనకు ఒరిగేది లేదు కనుకనే ఆ మాటకు బలం వచ్చింది. ఉద్యోగి శ్రమఫలాన్ని అనుభవించే యాజమాన్యం అదే మాట పలికినపుడు వైరాగ్యబోధ కాస్తా జీతాల బేరంలో ఎత్తుగడగా మారుతుంది.

ఫలాసక్తి మనసుకు బంధమన్న మాటను మనోవిజ్ఞానమూ కొంత సమర్థిస్తుంది. 1971లో ఎడ్వర్డ్ డెసీ ప్రచురించిన ప్రయోగాలలో, పజిల్ విప్పినందుకు డబ్బు పొందిన విద్యార్థులకు ఆ డబ్బు ఆగిన తరువాత దానిమీద ఆసక్తి తగ్గే ధోరణి కనిపించింది. పనిలోని ఆనందమే పని చేయించే ఈ ఆంతరిక ప్రేరణ నిలవాలంటే స్వయంనిర్ణయం, సామర్థ్యానుభవం, తోటివారితో అనుబంధం అనే మూడు అవసరాలు తీరాలని ఆయన, రిచర్డ్ ర్యాన్ కలిసి సిద్ధాంతీకరించారు. వీటిని ఉద్యోగి కేవలం మనోనిగ్రహంతో సృష్టించుకోలేడు; పని పంచే పద్ధతి, పై అధికారి మాటతీరు, పొరపాటు జరిగినపుడు ఎదురయ్యే స్పందన వాటిని పోషిస్తాయి, లేదా హరిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ సైతం బర్నౌట్‌ను, అంటే పనిచోట ఎడతెగని ఒత్తిడివలన కలిగే అలసటను, పనిపట్ల వైముఖ్యాన్ని, చేతకానితనపు భావనను, జబ్బుగా కాక వృత్తిసంబంధమైన స్థితిగానే పేర్కొన్నది.

పనికి త్యాగాన్ని జోడించి, దానిని తామే పాటించినవారూ ఉన్నారు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణనగరంలో బసవేశ్వరుని చుట్టూ చేరిన శరణులు పనిని కాయకమని, పూజతో సమానమని భావించారు. దానికి జోడుగా, సంపాదించినది సమాజంతో పంచుకునే దాసోహాన్ని విధించుకున్నారు. రాలిన బియ్యం ఏరుకొచ్చే మారయ్య ఒకనాడు అవసరానికి మించి తెచ్చినపుడు, మిగులు తిరిగి ఇచ్చి రమ్మని భార్య లక్కమ్మ మందలించిందని శరణుల కథలు చెబుతాయి. అవే గింజలతో పూట గడుపుకునే ఆ ఇల్లాలికి త్యాగం బోధించడానికి ఉన్న అర్హత, త్యాగం కింది మెట్టువారికి, లాభం పై మెట్టువారికి కేటాయించే సంస్థకు ఎక్కడిది?

గీత ఆరవ అధ్యాయంలోని 17వ శ్లోకం తిండిలోను, విహారంలోను, పనిలోను, నిద్రలోను, మెలకువలోను మితం పాటించినవానికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని అంటుంది. శిక్షణ తరగతులకు ఈ శ్లోకం అంతగా రుచించదు. దానిని ఒప్పుకున్న సంస్థ ముందుగా తన పనిగంటల పట్టికను సవరించుకోవలసి వస్తుంది.