ఏం చేశాడుట?

విడాకులు అన్న మాటలో ఒక ఆకు ఉంది. అది తాటాకో తమలపాకో పండితులు తేల్చుకోవాలి గాని, ఎవరింటి ఆడపిల్ల ఆ మాట ఎత్తినా విన్నవాళ్ళ నోటివెంట వచ్చే ప్రశ్న మాత్రం ఒక్కటే. "ఏం చేశాడుట?"

ఈ ప్రశ్న మనం జాలితోనే అడుగుతాం, కాదనను. తాగుతాడా? కొడతాడా? ఇంకో ఇల్లు ఉందా? మూడింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా మన మనసు కుదుటపడుతుంది. "పాపం, పిల్ల ఎంత నలిగిపోయిందో!" అని కళ్ళు ఒత్తుకుని ఆ పిల్ల పక్షాన నిలబడతాం. మూడింటికీ కాదంటేనే వస్తుంది చిక్కు. అప్పుడు మన చూపు మెల్లిగా పిల్లవైపు తిరుగుతుంది. "మరైతే ఈవిడకేం వచ్చిందిట?"

మా అక్క కూతురి సంగతి సరిగ్గా ఇలాంటిదే. అతను తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి బీరువాలో పెడతాడు. కాని ఎనిమిదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరి మధ్యా పాలవాడి లెక్కా, పాప స్కూలు ఫీజూ తప్ప మరో మాట నడవలేదు. ఆమె జ్వరంతో పడుకుంటే అతను హోటల్నించి తనకి ఇడ్లీలు తెచ్చుకుని, తిని, ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. కోపంతో కాదు. ఆ గదిలో మరో మనిషి ఉందన్న సంగతి గుర్తు లేక. కిందటేడు ఆమె పాపని తీసుకుని బెజవాడలో పుట్టింటికి వచ్చేసింది. ఇక్కడే ఒక స్కూల్లో టీచరుగా చేరింది.

"నువ్వు తోడు రా పిన్నీ, అమ్మ వస్తే అక్కడే ఏడ్చేస్తుంది" అంటే గవర్నరుపేటలో ఉన్న లాయరు గారి దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆవిడ యాభై దాటిన మనిషి. కట్టలు కట్టలుగా ఫైళ్ళు, వాటి మధ్య చల్లారిపోయిన కాఫీ. "అత్తవారి ఊరు వెళ్ళి దావా వెయ్యాలేమో" అని మా అక్క బెంగపడుతోందని చెప్పాను. "అక్కర్లేదండీ. 2003 నించి భార్య తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు" అన్నారు. ఆ తరవాత కలం తీసి, ఆవిడా అదే ప్రశ్న అడిగారు.

"ఏం చేశాడమ్మా?"

ఆవిడ నోట అది ఆరా కాదు, చట్టం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పదమూడో సెక్షను ఉంది. క్రూరంగా చూడడం, రెండేళ్ళు వదిలేసి పోవడం, పరాయి సంబంధం, మతం మారడం, సన్యాసం పుచ్చుకోవడం, ఏడేళ్ళుగా బతికున్నాడో లేడో తెలియకపోవడం... ఇలా సాగుతుంది పట్టీ. (క్రైస్తవులకి 1869 నాటి చట్టం, ముస్లిం స్త్రీలకి 1939 నాటిది వేరే ఉన్నాయి.) మొదట్లో క్రూరత్వానికీ, వదిలేసినందుకూ విడాకులు కూడా ఇచ్చేవారు కారుట, విడిగా ఉండడానికి అనుమతి మాత్రమే. 1976లో సవరించి వాటినీ చేర్చారు.

"ఏమీ చెయ్యలేదండీ" అంది మా అమ్మాయి.

లాయరు గారు కలం కింద పెట్టేశారు. "ఏమీ చెయ్యలేదంటే పిటిషన్లో ఏం రాయను తల్లీ?"

మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు, కోర్టు మెట్లు ఎక్కీ దిగీ అరిగిపోయినవాడు. "రెండు చెంపదెబ్బలు రాయిస్తే సరి, ఎవరు చూడొచ్చారు?" అని అప్పటికే సలహా ఇచ్చి ఉన్నాడు. వినగానే ఛీ అనిపిస్తుంది గాని, ఆ మాటని అంత తేలిగ్గా తోసెయ్యలేకపోయాను. ఎనిమిదేళ్ళు ఆమె పడ్డది నిజం. ఆ నిజానికి చట్టంలో పేరు దొరకటం లేదు. దొరికే పేరు పెట్టి చెబితే అబద్ధం. మాటల్లేకుండా మనిషిని ఎండగట్టడం కూడా క్రూరత్వమేనని కోర్టులు ఒప్పుకోకపోలేదు. కాని రుజువు? దెబ్బకి డాక్టరు సర్టిఫికెట్టు ఇస్తాడు. మౌనానికి ఎవరిస్తారు? పోనీ వదిలేశాడని రాద్దామన్నా, ఇల్లు వదిలి వచ్చింది ఈమె. రెండేళ్ళు నిండితే, సరైన కారణం లేకుండా వెళ్ళిపోయిందని ఆ మాట చెప్పుకోగలిగేది అతనే!

మా అమ్మాయి మాత్రం "కొట్టనివాణ్ణి కొట్టాడని ఎలా చెప్పను పిన్నీ?" అని ఊరుకుంది. అప్పుడు లాయరు గారు అన్నమాట నాకు బాగా గుర్తు. "ఈ కాగితం నా బీరువాలో ఉండిపోదండీ. మీ పాప పెద్దదై ఒకనాడు చదువుతుంది. వాళ్ళ నాన్న ఎలాంటివాడో ఇవాళ మీరు రాసిందే తనకి మిగిలేది."

రెండో దారి 1976లోనే వచ్చింది, పదమూడు-బి. ఇద్దరూ ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండి, ఇక కలిసి ఉండలేమని ఒప్పుకుని, కలిసి ఒకే అర్జీ పెట్టుకోవడం. ఆరు నెలలు ఆగి మళ్ళీ వెళ్ళి, మనసు మారలేదని చెప్పాలి. ఇక కలిసే ఆశ లేదని తేలితే, మిగతా విషయాలన్నీ తేల్చుకుని ఉంటే, ఆ ఆరు నెలలూ మాఫీ చెయ్యవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ఏం చేశాడని ఎవరూ అడగరు. బాగానే ఉంది గాని, అతను సంతకం పెట్టాలిగా! అంటే, అబద్ధం ఆడనన్న ఆడది బయటికి రావాలంటే తాళంచెవి అవతలివాడి జేబులో ఉందన్నమాట.

అతను పెట్టనన్నాడు. "నేనేం తప్పు చేశానని సంతకం పెట్టాలి?" అన్నాడుట. చూశారా, అతనికీ అదే ప్రశ్న.

పైగా వాళ్ళ వైపువాళ్ళు, కాపురానికి రమ్మని కేసు వేస్తామని కబురు పెట్టారు. తొమ్మిదో సెక్షను అలాంటిదే. దాని కథ మన రాష్ట్రంలో పెద్దదే. సినీనటి సరిత కేసులో 1983లో మన హైకోర్టు జడ్జి పి.ఎ. చౌదరి గారు, ఇష్టం లేని మనిషిని కాపురానికి రమ్మని శాసించడం ఆమె స్వేచ్ఛనీ, ఆమె శరీరం మీద ఆమె హక్కునీ కాలరాయడమేనని ఆ సెక్షన్నే కొట్టేశారు. మరుసటేడు మరో కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ నిలబెట్టింది. ఇప్పటికీ ఉంది. లాయరు గారు నవ్వి, "వెయ్యనివ్వండి. ఆ డిక్రీ వచ్చాక ఏడాది దాకా కాపురం కలవకపోతే, అదే విడాకులకి కారణం అవుతుంది" అన్నారు. రమ్మనే దారి పొమ్మనే వీధిలోకి తేలుతుందన్నమాట! చట్టం రాసినవాళ్ళకి హాస్యప్రియత్వం లేదని ఎవరన్నారు?

ఎవరి తప్పూ లేకుండానే పెళ్ళి చచ్చిపోవచ్చునని పెద్దలకి తెలియక కాదు. బాగుచెయ్యలేనంతగా చెడిన కాపురాన్ని కూడా ఒక కారణంగా చేర్చమని లా కమిషన్ 1978లోనే రాసింది, 2009లో మళ్ళీ రాసింది. చట్టంలోకి మాత్రం ఆ మాట ఎక్కలేదు. 2023లో సుప్రీంకోర్టు, తనకున్న ప్రత్యేకాధికారంతో అలాంటి పెళ్ళిని రద్దు చెయ్యగలనంది. ఆ అధికారం సుప్రీంకోర్టుదే, మన ఊరి ఫామిలీ కోర్టుకి లేదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా అమ్మాయికీ నాకూ పడలేదు. "నాకేమీ వద్దు. నగలు కూడా అక్కడే ఉండనీ" అంది. వినడానికి ఎంత గొప్పగా ఉంటుందో! నేను నవలలు రాసుకునేదాన్ని, నా నాయికలు ఇలాంటివి బోలెడు వదిలేశారు. కాని పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు స్త్రీధనం, అవి ఆమె సొంతమని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. పాప చదువుకీ తిండికీ తండ్రి ఇవ్వవలసింది దయ కాదు. మనోవర్తి అడిగితే ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి రాసివ్వాలని 2020 నించి నియమం కూడా ఉంది. అతని మీద అబద్ధం రాయనన్న పిల్ల, తనకి రావలసింది ఏమీ లేదని తన మీద తాను అబద్ధం రాసుకుంటానంటోంది! మొదటిది పాపమైతే రెండోది పుణ్యం ఎలా అవుతుంది? ఆడవాళ్ళం మనమీద మనం ఆడుకునే అబద్ధాలకి త్యాగమని పేరు పెట్టేస్తాం. ఈ మాట నేను అంటే వినలేదు. లాయరు గారు అంటే వింది. ఫీజు పుచ్చుకునేవాళ్ళ మాటకి విలువెక్కువ కాబోలు. (ఫీజు ఇచ్చుకోలేని ఆడవాళ్ళు కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకి వెళితే లాయర్ని ఊరికే ఇస్తారు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయం ఎంతని కూడా చూడరు. ఈ సంగతి మీ పనమ్మాయికి కూడా చెప్పండి.)

చివరికి లాయరు గారే అర్జీ చిత్తుప్రతి తయారుచేసి అతని లాయరుకి పంపారు. మూడు పేజీలు. ఫలానా రోజున పెళ్ళయింది, ఏడాదికి పైగా విడిగా ఉంటున్నాం, కలిసి ఉండలేకపోయాం, ఇద్దరం ఒప్పుకున్నాం. నగలూ, పాప ఖర్చూ, పాపని చూసే రోజులూ.

అతను వాళ్ళ లాయరు ముందు కూచుని రెండుసార్లు చదివాడుట. "ఇందులో నా తప్పు ఏమిటో ఎక్కడా లేదే?" అని అడిగాడుట.

"లేదు. ఆమెదీ లేదు" అన్నాడుట లాయరు.

రెండు రోజులు ఆ కాగితాలు తన దగ్గరే పెట్టుకున్నాడు. మూడో రోజు పంపించాడు. సంతకం ఉంది. ఒక్కచోట మాత్రం సిరాతో దిద్దాడు. పాపని చూసేందుకు నెలకి రెండు ఆదివారాలు అని ఉన్నచోట, రెండు కొట్టేసి 'ప్రతి ఆదివారం' అని రాశాడు. మా అమ్మాయి ఆ దిద్దుబాటు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తరవాత దాని పక్కనే తన పొట్టి సంతకం పెట్టింది.