కర్మ ఎవరిది?

2014 జూన్ 27 పొద్దున బూర్గంపాడు సెంటర్‌లో టీ హోటల్ ముందు నిలబడి ఉన్నాను. రాష్ట్రం విడిపోయి నెల కూడా నిండలేదు. టీవీలో కోనసీమ కాలిపోతోంది. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పగిలి, జనం నిద్ర లేచే వేళకే మంటలు చుట్టుముట్టాయి. ఇళ్ళు, కొబ్బరిచెట్లు, గొడ్లు, మనుషులు మసైపోయారు. చనిపోయినవాళ్ళు చివరికి ఇరవై మందికి పైగా తేలారు. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన తల పట్టుకుని, "ఎవరి కర్మ వాళ్ళది బిడ్డా, రాసిపెట్టి ఉంటే ఎవరాపుతరు?" అన్నాడు. ఆయన మంచివాడు, కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు టీ గొంతు దిగలేదు. గ్లాసు అక్కడే పెట్టి ఇంటికొచ్చేశాను.

ఆ మాటకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాలనుంది.

నేను ఇరవై రెండేళ్ళు పెట్రోలు లైను మీద పనిచేశాను. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు దాకా మన పొలాల కింద పెట్రోలు, డీజిలు పారుతుంటాయని చాలామందికి తెలియదు. పైన వరి ఉంటుంది, మిర్చి ఉంటుంది. మీటరు లోతున ఉక్కు గొట్టం. 1962 నాటి చట్టం ప్రకారం ఆ భూమి రైతుదే, కానీ గొట్టం పోయే పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఆ మట్టి కింద ఉక్కు తుప్పు పట్టకుండా చూడటమే నా పని. మేం దాన్ని సీపీ పని అంటాం.

చేసేదేమిటో చెప్తాను. లైను వెంట అక్కడక్కడా ఒక పోస్టు ఉంటుంది. దాని మూత తీస్తే లోపల గొట్టానికి కలిపిన తీగ కనబడుతుంది. నా చేతిలో హాఫ్ సెల్ అనే చిన్న గొట్టం, అందులో మైలుతుత్తం నీళ్ళు, మధ్యలో రాగి కడ్డీ. అడుగున ఇంకా కరగని నీలం పలుకులు కనబడాలి, అవి లేకపోతే కొలత నమ్మకూడదు. ఎండిన నేల మీద సీసాలోంచి కాసిని నీళ్ళు పోసి, తడిసిన మట్టిలో హాఫ్ సెల్ గుచ్చి, మీటరు చూస్తాను. మైనస్ 0.85 వోల్టులు, అంతకన్నా కిందికి ఉంటే గొట్టం క్షేమం. మైనస్ 0.7 అని చూపిస్తే అడుగున ఉక్కును మట్టి తినడం మొదలుపెట్టిందని అర్థం. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. గేదె మేస్తూనే ఉంటుంది. తెలిసేది ఆ ముల్లు కదలికలోనే.

కొన్నిచోట్ల గొట్టం పక్కన మెగ్నీషియం దిమ్మలు పాతిపెడతాం. గొట్టం బదులు అవి అరిగిపోతాయి. ఒకసారి పాత దిమ్మను తవ్వితీస్తే, నా తొడంత లావుగా పాతినది చీమలు తిన్న బెల్లం అచ్చులా గుంటలు గుంటలుగా బయటికొచ్చింది. దాని పక్కనున్న గొట్టం మాత్రం కొత్తదానిలా ఉంది. పావురం కోసం తొడ కోసిచ్చిన శిబి చక్రవర్తి కథ చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది. ఆ రోజు ఆ గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు దాన్ని తడిమాను.

ఇక నా తప్పు. ఒక వానాకాలం వాగు పొంగింది. అవతలి ఒడ్డున ఒక పోస్టు ఉంది. పైవాడు ఫోన్లో, "పోయిన నెలది చూసి రాసెయ్, ఏం గాదు" అన్నాడు. రాసేశాను. మైనస్ 1.12. కింద సంతకం కూడా పెట్టాను. నెల తర్వాత వాగు దాటి పోతే మీటరు మైనస్ 0.71 చూపించింది. దగ్గర్లో ఎవరో తవ్విన కాలువలో, గొట్టానికి రక్షణ కరెంటు మోసే మా కేబుల్ తెగిపోయి ఉంది. రెండు రోజుల్లో కలిపాం. ఏమీ కాలేదు. పెట్రోలు కారలేదు, ఎవరూ కాలలేదు. అయినా ఆ నెల రోజులు పాపం జరిగిందా లేదా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పెద్దలు కర్మను మూడు విధాలుగా చెప్తారు. పోగుపడి ఉన్నది సంచితం, వదిలిన బాణంలా వచ్చి తగిలేది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తున్నది ఆగామి. గొట్టం దగ్గర నాకు ఈ మూడూ కళ్ళకు కనబడ్డాయి. పూత వేసేవాడు ఒకచోట చెయ్యి ఆపితే గోరంత ఉక్కు బయటపడుతుంది. మా పనిలో దాన్ని హాలిడే అంటారు. ఆ సెలవు దగ్గర తుప్పు గుంట పడి, ఆరు మిల్లీమీటర్ల గోడను ఏడాదికి ఇంత అని తొలుచుకుంటూ పోతుంది. అది సంచితం. ఒక తెల్లవారుజామున పగిలితే ప్రారబ్ధం. కానీ ఇక్కడొక తేడా ఉంది, నేను చెప్పదలుచుకున్నదంతా అదే. సంచితం మాది, ప్రారబ్ధం అనుభవించినవాడు వేరొకడు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారని, అడుగున చేరిన నీరు లోపలినుంచి ఉక్కును తినేసిందని నగరం ఘటన మీద విచారణలో తేలింది. ఆ నీటిని పంపింది అక్కడ నిద్రపోతున్న పిల్లలు కాదు. పోయినవాణ్ణి చూపించి "వాడి కర్మ" అనడం శాస్త్రాన్ని తలకిందులు చేయడమే. కర్మ అనే మాట చేసినవాడికి వర్తిస్తుంది, చేయాల్సింది చేయనివాడికి వర్తిస్తుంది.

సంచితం జ్ఞానంతో కాలిపోతుందంటారు. మా లైనుకు జ్ఞానమంటే ఆ రీడింగే. అది నిజమైతే అక్కడ తవ్వి, గొట్టానికి ఉక్కు తొడుగు బిగించి, పైన కొత్త పూత వేయవచ్చు. అబద్ధమైతే దేవుడికి కూడా దారి మూసేసినట్టే. అందుకే నేను రాసిన ఆ మైనస్ 1.12 పాపమే. ఏమీ జరగకపోవడం నా పుణ్యం కాదు.

దేవుణ్ణి నమ్మితే చాలదా అని మా మేనల్లుడు అడుగుతాడు. నది దాటితే భద్రాచలం, నేనూ నమ్ముతాను. కానీ రామదాసు కథ గుర్తుచేసుకోండి. పాల్వంచ పరగణా తహసీల్దారు గోపన్న గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు ఉన్నాక, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు తానీషాకు కట్టారని చెప్పుకుంటాం. కట్టి ఊరుకోలేదు, రసీదు తీసుకున్నారు. లెక్క లెక్కలా ఉండాలని అనుకున్న ఆ రాముడి ఊరు పక్కన పుట్టి, నేను దొంగ లెక్క రాశాను.

టీ హోటల్ పెద్దాయనకు నా జవాబు 2022 జులైలో దొరికింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75 దాటిన తర్వాత మళ్ళీ అంత నీరు మేం చూడలేదు. కిన్నెరసాని వెనక్కి తన్ని బూర్గంపాడు మునిగింది. 43 దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది, ఇక్కడ పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆ పెద్దాయన గంటకోసారి ఫోన్ చేసి, "ఎంతకొచ్చింది బిడ్డా?" అని అడిగాడు. నలభై ఎనిమిది దాటగానే బియ్యం బస్తాలు, మనవరాలి పుస్తకాలు ట్రాక్టర్ ఎక్కించాడు. రాసిపెట్టి ఉంటే ఎవరాపుతారని ఇంట్లో కూర్చోలేదు. గోదావరి కొలతను అంత భక్తిగా చూసే మనిషి, భూమి కింద కొలతను కూడా ఎవరో అలాగే చూడాలని అడగొచ్చు కదా. అడిగే హక్కు ఆయనకుంది.

మీ పొలం మీదుగా పైపులైను పోతుంటే ఒక్క మాట వినండి. ఆ పట్టీలో పైరు కారణం లేకుండా మాడిపోయినా, నిలిచిన నీటి మీద రంగురంగుల తెట్టు కట్టినా, బుడగలు లేచినా, పెట్రోలు వాసన వచ్చినా బీడీ వెలిగించకండి, మోటారు వేయకండి. గాలికి ఎదురుగా దూరంగా నడిచిపోయి, హెచ్చరిక బోర్డు మీదున్న నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ఈరోజే మీ ఫోన్లో పెట్టుకోండి.